పథకంలో పోయిన చుక్క

తెలుగు కాస్త గట్టిగా చదువుకున్నవాళ్లకు బజారు నడక ఓ పరీక్ష. హైదరాబాదు-విజయవాడ రహదారి మీద చిల్లకల్లు దగ్గర పక్కకు తిరిగి జగ్గయ్యపేటలోకి వెళ్లినా, ఇంకాస్త ముందుకు పోయి నందిగామలో దిగినా కంట్లో నలుసులు ఒకే రకం. ‘బోజనం రెడీ’. ‘ఆయుర్వేధ మందులు లభించును’. ‘విధ్యార్థులకు ప్రత్యేక తగ్గింపు’. ‘నూతన వస్ర్తాలయం’. ఇక నాయకుడి పుట్టినరోజు వస్తే స్తంభానికో ‘హార్థిక శుభాకాంక్షలు’. ఇదేమీ ఈ రెండు ఊళ్లకే పట్టిన తెగులు కాదు. తెలుగునాట ఏ బజారుకు వెళ్లినా ఇదే వరస. చూసినవాళ్లు తల పట్టుకుంటారు, ఫోన్‌తో ఫొటో తీసి స్నేహితులకు పంపి నవ్వుకుంటారు, ‘భాష చచ్చిపోయిందయ్యా’ అని నిట్టూర్చి ఆ హోటల్లోనే భోజనం చేసి వస్తారు.

ఈ చిరాకు మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో జాన్ రిచర్డ్స్ అనే రిటైర్డ్ పాత్రికేయుడు అపాస్ట్రఫీ (') అనే తోక గుర్తును కాపాడడానికి 2001లో ఏకంగా ఓ సంఘమే పెట్టాడు. కూరగాయల కొట్టువాళ్లు బహువచనానికి కూడా ఆ తోక తగిలిస్తున్నారన్నది ఆయన బాధ. పద్దెనిమిదేళ్లు పోరాడి, 96 ఏళ్ల వయసులో, 2019లో, అజ్ఞానమూ బద్ధకమూ గెలిచాయంటూ దుకాణం కట్టేశాడు. బ్రిస్టల్ నగరంలో ఇంకో మహానుభావుడు ఏళ్ల తరబడి రాత్రిళ్లు పొడుగాటి కర్ర పట్టుకుని బోర్డుల మీద తప్పులు దిద్దుతూ తిరిగాడని 2017లో బీబీసీ బయటపెట్టింది. ఆ తోక మన బజార్లకూ వచ్చింది. టిఫిన్'స్, టైలర్'స్ అని ఇంగ్లీషులో రాసుకునే దుకాణాలకు లోటు లేదు. దాన్ని ఇంగ్లీషువాళ్లకే వదిలేయవచ్చు. మన చిరాకులు మనకు చాలు.

తెలుగులో ఆ తోకకు సరిసాటి ఏదంటే అక్షరం కింద గీసే చిన్న నిలువు గీత, పొట్టలో పెట్టే చుక్క. ద కింద గీత గీస్తే ధ అవుతుంది. ఆ ధ పొట్టలో చుక్క పెడితే థ అవుతుంది. బియ్యపు గింజంత ఈ చుక్క ఎక్కడ ఉండాలో అక్కడ లేక ప్రథమ చికిత్స ‘ప్రధమ చికిత్స’ అయింది, ప్రభుత్వ పథకాలు ‘పధకాలు’ అయ్యాయి. ఇక్కడో తమాషా ఉంది. పదిమంది రాసిన చోట ఎనిమిదిమంది ‘పధకం’ అనే రాయడం వల్ల, సరిగ్గా ‘పథకం’ అని రాసిన బోర్డును చూసి ఇదే తప్పేమోనని అనుమానపడే వాళ్లు తయారయ్యారు. ‘బాధ’కు పట్టిన గతి మరీ విచిత్రం. అందులో గీత ధ కింద ఉండాలి. అది ఓ అక్షరం ముందుకు జరిగి ‘భాద’ అయి కూర్చుంటుంది. గీత పోలేదు, చోటు మారింది, అంతే. ‘పాఠశాల’ను ‘పాటశాల’ చేసినవాళ్లూ ఉన్నారు. అది సంగీతం నేర్పే చోటయితే పేచీ లేదు.

ఈ తప్పులన్నిటినీ ఒకే గాటన కట్టి అందరినీ ఒకే తిట్టు తిట్టడం సరికాదు. కాసేపు నిలబడి చూస్తే బోర్డుల్లో రెండు రకాలు కనిపిస్తాయి. గీత తగ్గించేవాళ్లు ఒక రకం, గీత పెంచేవాళ్లు ఇంకో రకం.

తగ్గించేవాడు రోడ్డు పక్కన మిరపకాయ లారీలు ఆగే చోట పాక వేసుకుని అన్నం పెట్టేవాడు. రేకు మీద ‘బోజనం’ అని రాయించాడు. నోటితో అనేది కూడా అతను బోజనమనే, తినేవాళ్లు అనేదీ అదే. ఇందులో పాపమేమీ లేదు. తెలుగు వ్యాకరణానికి పెద్ద దిక్కయిన చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంస్కృతానికి యాభై అక్షరాలు లెక్కగట్టి, తెలుగుకు ముప్పై ఆరే చాలన్నాడు. ఖ, ఘ, ధ, భ వంటి ఒత్తక్షరాలు ఆ ముప్పై ఆరులో లేవు. అవి సంస్కృత మాటలతో వచ్చిన సామగ్రి. బడిలో నేర్పితే వస్తాయి, లేకపోతే లేదు. పాకహోటలు యజమాని నిఘంటువు ప్రకారం తప్పు రాశాడు, నాలుక ప్రకారం సరిగ్గానే రాశాడు. అతని సాంబారు బాగుందో లేదో చూడాలి గానీ భ కింద గీత ఉందో లేదో వెతకడం అన్యాయం.

పెంచేవాడి సంగతి వేరు. ‘హార్దిక’ అని రాస్తే చప్పగా ఉందనిపిస్తుంది కాబోలు, ద స్థానంలో థ దించి ‘హార్థిక’ చేస్తాడు. ‘జన్మధిన’ శుభాకాంక్షలు, ‘అభినంధనలు’, ‘సంభంధిత శాఖ’ అన్నీ ఈ కోవవే. గీతలు ఎక్కువైతే మాటకు బరువు, తద్వారా మనిషికి బరువు అన్న నమ్మకం ఇందులో ఉంది. ఈ బోర్డులు పాకల ముందు ఉండవు. విగ్రహాల చుట్టూ, కల్యాణ మండపాల ముందు, ఊరి మొదట్లో స్వాగత ద్వారాల మీద ఉంటాయి. డబ్బుకు కొదవ ఉండదు. ఫొటోలు పద్నాలుగు పడతాయి, ఆ ఫొటోల వరస ఎవరి పక్కన ఎవరు అన్న లెక్కతో రెండుసార్లు మారుతుంది. అక్షరాల వంతు వచ్చేసరికి మాత్రం ఎవరికీ తీరిక ఉండదు. చిరాకు పడదలచినవాళ్లు ఇక్కడ పడాలి.

చిరాకు పడేవాళ్లకూ ఓ జాగ్రత్త అవసరం. ‘కల్యాణం’ అని రాసిన మండపం వాళ్లను ‘ళ్యా పెట్టడం కూడా రాదా’ అని ఎగతాళి చేసిన పెద్దమనుషులు ఉన్నారు. సంస్కృతంలో అది ల్యానే. వాడుకలో ళ్యా కూడా స్థిరపడింది కాబట్టి రెండూ చెల్లుతాయి. దిద్దబోయేవాడు ముందు నిఘంటువు తిరగేయడం మంచిది.

బోర్డులు ఇలా తయారు కావడం వెనక ఓ పని పద్ధతి మారిన కథ ఉంది. ఒకప్పుడు బోర్డు రాయాలంటే పెయింటరు నిచ్చెన వేసుకోవాలి. సుద్దతో గీతలు కొట్టుకుని, అక్షరాల ఆకారం గీసుకుని, ఆ తర్వాత రంగు నింపాలి. పూట పట్టేది, ఒక్కోసారి రెండు రోజులు. ఆలోగా కింద టీ తాగేవాళ్లు, పోస్టుమాన్, బడికి వెళ్లే మాస్టారు అందరూ తలెత్తి చూసేవాళ్లు. సుద్దగీత మీద తప్పు దొరికితే తడిగుడ్డతో తుడిస్తే పోయేది. పెయింటర్లు తప్పులు రాయలేదని కాదు, రాశారు. కాకపోతే ఆ తప్పు ఆ గోడకే ఉండిపోయేది.

ఫ్లెక్సీ వచ్చాక నిచ్చెన పోయింది, దానితోపాటు కింద నిలబడి చదివేవాళ్లూ పోయారు. ఇప్పుడు పని జరిగేది ఏసీ గదిలో, కంప్యూటర్ ముందు. జగ్గయ్యపేట, నందిగామ ఉన్న ఈ మెట్ట ప్రాంతపు ఏ ఫ్లెక్సీ షాపులోనైనా ఓ సాయంత్రం కూర్చుంటే తంతు తెలుస్తుంది. ఆపరేటరు కుర్రాడు పోయినేడాది ఫైలు తెరుస్తాడు. పేరు మారుస్తాడు, తేదీ మారుస్తాడు. వాట్సాప్‌లో పంపి ఫోన్ చేస్తాడు.

“బాబాయ్, డిజైన్ పంపా. ఒకసారి చూసి ఓకే చెప్పు, మిషన్ మీద వేసేస్తా.”

“చూశాన్రా. మనోడి మొహం నల్లగా వచ్చింది, కొంచెం తెల్లగా చెయ్యి. పక్కన సర్పంచి ఫొటో చిన్నది చెయ్యి.”

“అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయా?”

“ఫోన్ నంబరు కరెక్టేగా? అయితే వేసెయ్.”

అవతల ప్రింటరు చప్పుడు మొదలవుతుంది. పోయినేడాది ఫైల్లోని ‘హార్థిక’ ఈ ఏడాదీ గోడెక్కుతుంది. అదే ఫైలు పక్క మండలంలో ఇంకో షాపుకు వెళితే అక్కడా ఎక్కుతుంది. ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామని 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. అది భూమిని కాపాడే ప్రయత్నం. అక్షరాలకు అందులో వాటా లేదు.

ఆపరేటరు చేతిలో లేని తప్పులూ కొన్ని ఉన్నాయి. ‘వస్ర్తాలయం’ అలాంటిదే. డీటీపీ రోజుల నుంచి తెలుగు అచ్చుపనికి అను ఫాంట్లు వాడుతున్నారు. ఆ పద్ధతిలో అక్షరమంటే ఓ బొమ్మ. ఒత్తులు కంటికి కనిపించే వరసలో కొడితే సరిపోయేది. స్త్ర అన్నప్పుడు క్రారవడి ఎడమ వైపు నుంచి వస్తుంది, త ఒత్తు కింద కూర్చుంటుంది. యూనికోడ్ లెక్క వేరు. 1991లో వచ్చిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు చోటు దొరికింది. అక్కడ అక్షరాలు పలికే వరసలో ఉండాలి, ముందు స, తర్వాత త, ఆ తర్వాత ర. పాత ఫైలును కొత్త పద్ధతిలోకి మార్చేటప్పుడు త, ర తారుమారై వస్త్రం ‘వస్ర్తం’ అవుతుంది, ట, ర తారుమారై రాష్ట్రం ‘రాష్ర్టం’ అవుతుంది, శాస్త్రిగారు నోరు తిరగని మనిషి అవుతారు. ఇక తెలుగు లిపి తెలియని పాత సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ అక్షరాలు అతికిస్తే ఒత్తులు విడిపోయి, గుడి దీర్ఘాలు చుక్కల వలయాల మీద వేలాడతాయి. చెప్పుల కొట్టు మీద ‘ఫుట్‌వేర్’ బదులు ‘ఫుట్వేర్’ అని ట కింద వ ఒత్తు వచ్చి చేరడం మరో రకం. ఆ రెండక్షరాలనూ విడదీయడానికి కంటికి కనపడని గుర్తు ఒకటి కొట్టాలి. అది ఏ కీ నొక్కితే వస్తుందో చాలామంది ఆపరేటర్లకు ఎవరూ చెప్పలేదు.

ఇదంతా ఎక్కడో అక్షరం అంటని అడవిలో జరుగుతోందా అంటే అదీ కాదు. తెలుగులో విజ్ఞాన సర్వస్వం రాయడానికి పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావు 1877లో పుట్టింది ఈ పక్కనే పెనుగంచిప్రోలులో. తెలుగువాళ్లకు చరిత్ర, సైన్సు పుస్తకాలు సొంత భాషలో అందించాలని 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలికి ఆయనే ప్రాణం. ఆ మండలిలో ఆయనకు తోడు నిలిచి, తర్వాత 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటి స్పీకరైన అయ్యదేవర కాళేశ్వరరావు సొంత ఊరు నందిగామ. జగ్గయ్యపేట సంగతికొస్తే ఊరి పక్క ధనబోడు దిబ్బ మీది బౌద్ధ స్తూపం దగ్గర మూడో శతాబ్దపు రాతలే దొరికాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో, నాగచంద్రుడి కొడుకు సిద్ధార్థుడనే శిల్పి స్తూపానికి ఆయక స్తంభాలు నిలబెట్టి, ఆ సంగతి ప్రాకృతంలో చెక్కించాడు. బ్రాహ్మీ అక్షరాలకు తీగల్లా సాగిన తోకలు పెట్టి మరీ చెక్కిన పని అది. ఆ రాతిలో అక్షరం మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతు ఇప్పటి స్వాగత ద్వారాల మీద పెట్టినా గొడవ ఉండదు.

పాకహోటలు తప్పుకు మన్నింపు ఉంది కాబట్టి చిరాకును దుకాణదారు మీద కాకుండా పైకి, ప్రభుత్వ బోర్డుల వైపు తిప్పాలి. తెలుగును అధికార భాష చేసిన చట్టం 1966లోనే వచ్చింది. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద వచ్చిన నియమాలు అంగడి బోర్డు మీద తెలుగు ఉండి తీరాలంటాయి. తెలుగు ఉందా లేదా అని ఇన్‌స్పెక్టరు చూడగలడు. ఏ తెలుగు ఉందో చూడడం అతని పని కాదు. సరే, దుకాణాన్ని వదిలేద్దాం. ప్రభుత్వం తన బోర్డు తాను చూసుకోవాలి కదా! ఆ బోర్డు చూసి పిల్లలు నేర్చుకుంటారు, ఆ స్పెల్లింగునే ఆధార్ కార్డు చిరునామాలో ఎక్కిస్తారు, అర్జీల్లో రాస్తారు. పాకహోటలు బోర్డును అలా ఎవరూ ప్రమాణంగా తీసుకోరు.

అన్నిటికంటే ప్రమాదం ఊళ్ల పేర్లకు. రోడ్డు బోర్డుల మీది పేర్లు చాలాసార్లు ఇంగ్లీషు జాబితా నుంచి తెలుగులోకి వస్తాయి. ఇంగ్లీషులో ణ లేదు, ద-డ తేడా తెలియదు, ఎ-ఏ, ఒ-ఓ పట్టింపు లేదు. ఆ దారిన వస్తే కొణకంచి ‘కోనకంచి’ అవుతుంది, వేదాద్రి ‘వెడాద్రి’ అవుతుంది, వత్సవాయి ‘వట్సవై’ అవుతుంది. ఊళ్లో పుట్టినవాడికి నవ్వొస్తుంది. కొత్తగా కోడలిగా వచ్చినమ్మాయి, బదిలీ మీద వచ్చిన గుమాస్తా మాత్రం అదే పేరనుకుంటారు. ముప్పై ఏళ్లు గడిచాక అసలు పేరేమిటో పంచాయతీ రికార్డులు తవ్వి చూసుకోవాల్సి వస్తుంది.

2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లా విడిపోయి, ఈ మెట్ట ప్రాంతం కొత్త జిల్లాలోకి వచ్చింది. ఆఫీసుల బోర్డులు తిరగరాయాల్సిన సందర్భమది. జిల్లా పేరు మార్చే చేత్తోనే ‘పధకం’ కూడా సరిచేసి ఉండవచ్చు. అలాంటి అవకాశం మళ్లీ ఊరికే రాదు గానీ, బోర్డుల టెండర్లు ఏటా వస్తూనే ఉంటాయి. రోడ్డు బోర్డు ఎలా ఉండాలో ఐఆర్‌సీ 67 నియమావళి చెబుతుంది. అక్షరం ఎత్తెంత, రంగేమిటి, రాత్రి లైటు పడితే మెరిసే షీటు ఏ రకం అన్నీ అందులో ఉంటాయి. ఆ పనుల ఒప్పందంలో రెండు వాక్యాలు కలపడానికి కొత్త చట్టం అక్కర్లేదు. తెలుగు రాత నమూనాను స్థానిక ఉన్నత పాఠశాల తెలుగు ఉపాధ్యాయుడు చూసి సంతకం పెట్టాకే అచ్చుకు పంపాలి. ఆ నమూనాకు భిన్నంగా తప్పు పడితే కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బోర్డు మార్చాలి. మాస్టారికి ఈ పనికి గౌరవ వేతనం కూడా ఇవ్వాలి, ఊరికే చేయించుకోకూడదు.