మత్తడిని మరిచిన పట్టాలు

2005 అక్టోబర్ 29 తెల్లవారుజాము. ఎగువన చెరువు తెగింది. వలిగొండ దగ్గర చిన్న రైలు వంతెన కొట్టుకుపోయింది. రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ప్యాసింజర్ బోగీలు వరదలో పడ్డాయి. నూరు మందికి పైగా చనిపోయారు. ప్రకృతి వైపరీత్యమని చేతులు దులుపుకుందామా?

వాన ప్రకృతిదే. నీళ్ల దారికి అడ్డంగా కట్ట పోసింది మాత్రం మనుషులు. వంతెన కట్టేటప్పుడు వాన లెక్క, వాగు లెక్క వేస్తారు. చెరువు తెగితే వచ్చే నీళ్ల లెక్క వేరు. రోజంతా పారాల్సిన నీళ్లు ఒక్కసారి మీద పడతాయి. తెలంగాణ చెరువులు గొలుసుకట్టు. పైది తెగితే కిందిది ఆగడం కష్టం. ఈ సంగతి ఊరి నీరటికి తెలుసు. పట్టాలకు గీత గీసే ఆఫీసుకు తెలియదా?

తెలుసు. లైనుకు ముప్పు తెచ్చే చెరువుల జాబితా రాసిపెట్టాలని, రాష్ట్ర అధికారులతో కలిసి ఏటా తనిఖీ చేయాలని రైల్వే నిబంధనల్లోనే ఉంది. కాగితం మీద అన్నీ సవ్యమే. చెరువు నీటిపారుదల శాఖది, పట్టాలు రైల్వేవి, చావు మాత్రం ప్యాసింజర్ ఎక్కినోళ్లది!

2014లో రాష్ట్రం వచ్చింది. 2015 నుంచి మిషన్ కాకతీయ కింద చెరువుల్లో పూడిక తీశారు. అయినా 2024 సెప్టెంబర్ 1న కేసముద్రం–ఇంటికన్నె మధ్య వరదకు కట్ట కోసుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఈసారి రైలు పడలేదు. కాజీపేట–విజయవాడ దారిలో రైళ్లు రోజుల తరబడి నిలిచాయి. చెరువు కట్టనూ రైలు కట్టనూ కలిపి చూడకపోతే ఇంతే.

ప్రాంతీయ రింగు రోడ్డును ఆ భువనగిరి ప్రాంతం మీదుగానే తలపెట్టారు. ఎత్తు పోసిన రోడ్డు కూడా నీళ్లకు కట్టే. గీత ఖాయం చేసే ముందే ప్రతి చెరువు, మత్తడి, వాగు మ్యాపులో ఎక్కాలి. తూముల వెడల్పు చెరువు తెగే ముప్పును బట్టి తేల్చాలి. ముప్పున్న చెరువుల జాబితా, తనిఖీ తేదీ పంచాయతీ ఆఫీసులో, రైల్వే స్టేషన్లో గోడకు అంటించాలి.

విద్యార్థులారా, ఉద్యోగులారా! సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. మన ఊరి చెరువు ఆ జాబితాలో ఉందా? చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది? వానాకాలానికి ముందే అడుగుదాం. వరద వచ్చాక అడిగితే వచ్చేది ఎక్స్‌గ్రేషియానే.