గాజు గది పక్కన ఒక ఉయ్యాల గది

“చంటిపిల్లాణ్ని పెట్టుకుని ఆ గాజు పనెందుకమ్మా, హాయిగా బొమ్మలు గీసుకోరాదూ?” ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న ఒక అమ్మాయిని చుట్టాలు తరచూ అడిగే మాట ఇది. ఉండేది విశాఖలోని కూర్మన్నపాలెంలో. భర్తకు స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. బాబుకు రెండేళ్లు. అడిగేవాళ్లు ఆమె మేలు కోరే అడుగుతున్నారు, కాదనను. అయితే అడగాల్సింది ఆమెను కాదు, మన కాలేజీలను.

ఆమె పని చేస్తుంటే దగ్గర నిలబడి చూశాను. గ్లాస్ కట్టర్ చక్రాన్ని కిరసనాయిల్లో ముంచి, గాజు పలక మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒకే ఊపులో లాగాలి. సన్నగా చిర్రుమని చప్పుడొస్తుంది. మధ్యలో చెయ్యి ఆగిందా, మళ్లీ అదే గీత మీద లాగడానికి లేదు. పలక తనకు నచ్చిన దారిలో పగిలిపోతుంది. గీత పడ్డాక రెండు చేతులా పట్టి కిందికి వంచితే ముక్క విడివడుతుంది. కంటికి ఆనని పెంకులు బల్ల మీదా, చీర కుచ్చిళ్లలోనూ మిగులుతాయి. పని అయ్యాక తడిగుడ్డతో నేలంతా తుడిచి, బట్టలు మార్చుకుని, మోచేతుల దాకా కడుక్కుంటే తప్ప ఆమె పిల్లాణ్ని ఎత్తుకోదు.

పెంకులు ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. రంగుటద్దాల పనిలో ముక్కలను కలిపే టంకంలో చాలాసార్లు సీసం ఉంటుంది. పిల్లల ఒంట్లోకి సీసం ఇంత వరకు చేరినా ఫర్వాలేదని చెప్పగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. గాజును పొడిగా అరగదీస్తే లేచే రజను పెద్దల ఊపిరితిత్తులకే చేటు. కాబట్టి పిల్లాణ్ని పక్కన కూచోబెట్టుకుని చేసే పని కాదిది. “కుట్టుపని చేసుకునే తల్లులు లేరా?” అన్న పోలిక ఇక్కడ చెల్లదు.

గాజుకు ఇంకో పట్టుదల ఉంది. ముక్కలు ఒకదానిలో ఒకటి కరిగి కలవాలంటే కిల్న్, అంటే గాజు కొలిమి, సుమారు 800 డిగ్రీలకు చేరాలి. దించేటప్పుడు 500 దాటిన చోట కాసేపు నిలిపి, గంటల తరబడి మెల్లగా చల్లార్చాలి. తొందరపడితే మర్నాడు చేతిలోనే చిట్లుతుంది. ఈ సంగతి విశాఖకు ఒకరు చెప్పాలా? స్టీల్ ప్లాంట్ కోక్ ఓవెన్లను ఒకసారి వెలిగించాక చల్లారనివ్వరు. చల్లబడితే లోపలి సిలికా ఇటుకలు పగులుతాయి. గాజుకు మూలమూ ఆ సిలికానే. అందుకే ప్లాంటు మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. ఒకరు దిగితే ఒకరు ఎక్కుతారు, కొలిమి దగ్గర ఎప్పుడూ మనిషి ఉంటాడు. ఈ అమ్మాయిని దించడానికి మాత్రం ఎవరూ రారు.

ఒకప్పుడు గాజు పనంటే ఫ్యాక్టరీయే. 1962లో అమెరికాలోని టొలీడోలో హార్వీ లిటిల్‌టన్, డొమినిక్ లబీనో చిన్న కొలిమితో చేసిన ప్రయోగాల తర్వాత అది కళాకారుల సొంత గదుల్లోకి, యూనివర్సిటీల్లోకి వచ్చింది. గొప్ప మేలే. ఆ మేలుతోపాటే భారమంతా ఒక్క మనిషి మీద పడింది. ఫ్యాక్టరీలో పదిమంది పంచుకున్న పనిని స్టూడియోలో ఒక్కరే చేయాలి. గీత సగంలో ఉండగా పిల్లాడు ఏడిస్తే పలకైనా పోవాలి, పిల్లాడైనా ఏడవాలి.

చట్టం ఏమంటోంది? 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలంది, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చంది. లెక్క ఉద్యోగులదే, విద్యార్థినులు అందులోకి రారు. 2021 డిసెంబరులో యూజీసీ డిగ్రీ, పీజీ విద్యార్థినులకూ ప్రసూతి సెలవు, హాజరు సడలింపులకు నిబంధనలు రాసుకోమని యూనివర్సిటీలను కోరింది. మంచి అడుగు. కానీ సెలవు కాన్పుతో మొదలై కొన్నాళ్లకు అయిపోతుంది. పిల్లాడు నడక నేర్చి, చేతికందిందల్లా నోట్లో పెట్టుకునే రెండు మూడేళ్లే అసలు గడ్డుకాలం. ఆ కాలానికి నిబంధన ఏదీ?

ఆమెను “తల్లయినా చదువు వదల్లేదు” అని పొగుడుతూ ఫొటోలు వేయడం నాకు ఇష్టం లేదు. ఆ పొగడ్తతో కాలేజీ బాధ్యత తీరిపోయినట్టవుతుంది. గాజు గదికి దూరంగా, వేరే తలుపుతో, ఆయా ఉండే ఒక గది కావాలి. రెండింటికీ మధ్య కుళాయి, బట్టలు మార్చుకునే చోటు ఉండాలి. కిల్న్ వేళలు ముందే రాసిపెట్టాలి, రాత్రంతా చల్లారే కిల్న్‌ను కనిపెట్టుకోవడం కాలేజీ సిబ్బంది డ్యూటీగా ఉండాలి. ప్రవేశ దరఖాస్తులో చిన్నపిల్లలున్నారా అన్న గడి ఒకటి చేరిస్తే ఆ గది ఎంతమందికి కావాలో మొదటి రోజే తేలుతుంది. ఆ గడి నింపినంత మాత్రాన సీటు పోదన్న హామీని కూడా దాని పక్కనే అచ్చువేయాలి.