నడుము లెక్క

ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యే ముందు చిట్టమూరు రైతు చూపు చెరువు మీదా, ట్రాక్టర్ మీదా ఉంటుంది. చెరువు నిండితే దమ్ము పనులకు తెరిపి ఉండదు. పాత బండికి మళ్లీ రిపేరు చేయించాలా, దాన్ని ఇచ్చేసి కొత్తగా వచ్చిన చిన్న ట్రాక్టర్ తెచ్చుకోవాలా అన్న ఆలోచన తెగాల్సింది అప్పుడే.

మహీంద్రా కంపెనీ ‘ఓజా’ శ్రేణిని 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో విడుదల చేసింది. జపాన్ ఇంజనీర్లతో కలిసి రూపొందించిన ఈ బండ్లు తయారయ్యేది మన జహీరాబాద్‌లో. శక్తి 20 నుంచి 40 హెచ్‌పీ. నాలుగు చక్రాలూ ఇంజన్ బలంతోనే తిరుగుతాయి. 27 హెచ్‌పీ బండికి అప్పట్లో పుణె షోరూం ధర రూ.5.64 లక్షలు.

చిన్న ట్రాక్టర్ మనకు వింతేమీ కాదు. 1974లో వచ్చిన స్వరాజ్ కూడా 26.5 హెచ్‌పీదే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టార్లు. అంత పొలానికి పెద్ద ఇంజన్ దేనికి? సొంత సేద్యానికి కాదు, బాడుగకు. పక్కవాళ్ల కయ్యల్లో దమ్ము చేస్తేనే, ట్రాలీ తోలితేనే వాయిదా కట్టగలం.

కొత్త బండిలో అసలు మార్పు మలుపు దగ్గర కనిపిస్తుంది. కయ్య చిన్నదైన కొద్దీ మలుపులు ఎక్కువ. గెనిమ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ క్లచ్ తొక్కాలి, గేరు మార్చాలి, రోటావేటర్ ఎత్తాలి, ఒకవైపు బ్రేకు నొక్కాలి. ఇప్పుడు ముందుకూ వెనక్కూ మార్చేందుకు చేతికందే లివర్ ఒకటుంది. కొన్ని రకాల్లో మలుపు తిరిగేటప్పుడు రోటావేటర్ తనంతట తానే పైకి లేస్తుంది. ఇవన్నీ నడిపేవాడి ఒంటి కోసం చేసిన మార్పులు. మన ఖాతా పుస్తకంలో డీజిల్‌కు, టైర్లకు, వడ్డీకి గడులుంటాయి. సొంత మనిషి నడుము నొప్పికి మాత్రం ఉండదు.

అలాగని తొందరపడనక్కర్లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. పన్ను కలపకముందు రూ.5 లక్షలుండే బండి మీద రూ.35 వేలు మిగులుతాయి. మంచిదే. అయితే ట్రాలీకెత్తే బరువు కూడా చూసుకోవాలి. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. పది పుట్ల వడ్లు ట్రాలీకెత్తితే ఎనిమిదిన్నర టన్నులు. ఆ బరువు చిన్న బండి పని కాదు. దమ్ము మధ్యలో సెన్సర్ మొరాయిస్తే చూసే మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడో కూడా ముందే తెలుసుకోవాలి.

గూడూరు వైపు నిమ్మ తోటల్లో చెట్ల మధ్య దున్నుకునేవారికి చిన్న బండి చక్కగా నప్పుతుంది. బాడుగ మీద బతికేవారు పాతదాన్నే మరో రెండు పంటలు నడుపుకోవడం మేలు. ఎటూ తేలకపోతే డీలర్‌ను అడిగి, షోరూం ముందు కాదు, సొంత కయ్యలో నీళ్లు పెట్టి నడిపి చూడాలి. ఆ పూట సీట్లో కూర్చోవలసింది కంపెనీ మనిషి కాదు, రేపు రోజంతా నడపబోయే మనిషి. దిగాక అతను చెప్పే మాటకూ ధర లెక్కలో చోటుండాలి.