ఎరవు ఈకలు

నెమలియీకలు తగిలించుకొని నెమళ్ల నడుమ చేరబోయి, అవి పొడిచి తరిమినంత తిరిగివచ్చి, తనవారిచేతను చీవాట్లు తిన్న కాకి కథ మన బాలురందరును చదువుచున్నదే. ఎదిరిపక్షమును ఎత్తిపొడుచుటకు ఆ కాకిని వేదిక నెక్కింపని ఉపన్యాసకుడు అరుదు. ఇది మన తాతలనాటి మాటయని పలువురి తలంపు. కాని ఆ పిట్ట మనది కాదు. అది గ్రీకుల ఈసపు కథలలోనిది. ఇంగ్లీషువారు జాక్‌డా యనునది. మెడవెనుక బూడిదవన్నెయు, వెలవెలబోవు కన్నులును గల చిన్నజాతి కాకి. భారతదేశమున దాని నివాసము కాశ్మీరపు వైపుననే. తెనుగువాడుకలో దానికి పేరు లేనందున, ఆ నేరమును పోలికగల మన ఊరకాకి మెడకు కట్టవలసివచ్చినది.

ఐరోపాలో ఆ కథకు పెద్ద చరిత్ర యున్నది. రోమను కవి హోరేసు పరుల పలుకులు దొంగిలించు రచయితను హెచ్చరించుటకు దానినే వాడెను. 1592లో లండనున వెలువడిన యొక కరపత్రము షేక్స్పియరుమీద అట్టి నిందయే మోపెను. (నిందపడినవాడే నిలిచెను, అది వేరుమాట.) మెరయుదాని నెల్ల ఎత్తుకొనిపోవు దొంగయనియు ఆ దేశములలో దానికి అపకీర్తి.

మన కాకి సంగతి వేరు. మదనపల్లె టమోటా మండీలలో పారవేసిన పండ్లమీద వాలు ఆ పక్షిని అంగళ్లు పిల్లవాడు దినమును చూచుచున్నాడు. వాని అవ్వ నోట అది ఎన్ని విధముల పలుకును! కల్లకు లెక్కలు కట్టిన కాకిలెక్కలు, పైమెరుగు కాకిబంగారము, తలవని తలంపుగా కూడివచ్చినది కాకతాళీయము, పనికిమాలిన పరిశోధన కాకదంతపరీక్ష. అన్నిటికంటె పదునైనది కాకులను కొట్టి గద్దలకు వేయుట. బీదరైతు నోటి ముద్దను తీసి బలిసినవానికి పెట్టు పరిపాలనను ఇంతకంటె కురుచగా చెప్పగల మాట మా యెరుకలో లేదు. పన్నులు కట్టువారికి దీనిని వివరింప నక్కరలేదు.

గర్వభంగపు కథయు మనకు లేకపోలేదు. భారతమున కర్ణపర్వమందు శల్యుడు కర్ణునికి హంసకాకీయము చెప్పును. వైశ్యకుమారుల ఎంగిలిమెతుకులు తిని కొవ్విన కాకి, నూటొక్క గతుల నెగురగలనని హంసలతో పందెము వేసి, నడిసముద్రమున రెక్కలుడిగి పడును; హంసయే దానిని మోసికొనివచ్చి బ్రదికించును. ఈసపు కథలో తప్పు ఎరవు ఈకలది. భారతములో తప్పు ఎంగిలికూటితో వచ్చిన పొగరుది. దొరల కొలువున బలిసి తోడివారిని తృణీకరించినవారిని చూచిన దేశమునకు ఈ రెండవది మరింత దగ్గర. తిక్కన తెనిగించిన ఈ కథ పాఠమున లేక, ఎరవు పిట్ట కథ మాత్రము ఇంగ్లీషు వాచకమున నుండుట ఏమి న్యాయము?

జాక్‌డాను వెళ్లగొట్టుడని మేమనము. దాని ప్రక్కన హంసకాకీయమును నిలుపుడనుచున్నాము. ఇంగ్లీషుబడికి పోవు పిల్లలచేత ఇంటిపెద్దల కాకిమాటలు వ్రాయించి తెప్పించుటకు ఉపాధ్యాయునికి కానీ ఖర్చు లేదు. పుంగనూరు, కుప్పము సీమలలో తెనుగుతోపాటు తమిళమును కన్నడమును వినబడును, వారు కాక్కా యందురు, వీరు కాగె యందురు, పిట్ట యొక్కటే. 1997లో కుప్పమున వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయము ఈ మూడుభాషల పలుకుబళ్లను ఒకచోట చేర్ప పూనుకొన్నచో, అంతకంటె తగిన చోటు వేరొండు లేదు. ఆలస్యమైనచో చెప్పు అవ్వలుండరు.

అట్టి యవ్వ దాటిపోయిన పదవనాడు, పిండము పెట్టి, ఆస్తిపరుడైన కొడుకును పట్టణమునుండి వచ్చిన మనుమడును చేతులు జోడించి చెట్టువంక చూచుచు నిలుతురు. కాకి ముట్టకున్న, ఆమెకు తీరని కోరిక యేదియోయని ఒకరి మొగము నొకరు చూచుకొందురు.