బండి బేరం: గుమ్మంలో గెలిచి బల్ల దగ్గర ఓడిపోవద్దు

ఒకప్పుడు మన పల్లెల్లో రెండెడ్ల బండి చేసిన పనిని ఇప్పుడు నాలుగు చక్రాల చిన్న ట్రక్కు చేస్తున్నది. మదనపల్లె మార్కెట్టుకు టమాటా పెట్టెలు, రైతుబజారుకు కూరగాయలు, పొలానికి ఎరువు బస్తాలు అన్నీ దాని మీదే పోతున్నాయి. 2005లో టాటా ఏస్ వచ్చిన తర్వాత ఈ చిన్న సరుకుల బండ్లు ఊరూరా పెరిగాయి. బొలెరో పికప్, దోస్త్ వంటి పేర్లు నేడు పసిపిల్లలకు కూడా తెలుసు.

ఈ బండ్లు కొంటున్నది ఎవరు? ఎక్కువగా చిన్నవాళ్ళే. ఒకరి దగ్గర పదేళ్ళు డ్రైవరుగా చేసినవాడు, కౌలు గిట్టక వేరే దారి వెతుక్కుంటున్న రైతు, చదువు మానుకున్న కూలి కొడుకు. మొదటి సొమ్ము కోసం భార్య మెడలోని పుస్తెలతాడు కుదువ పెడతారు, లేదంటే డ్వాక్రా గ్రూపులో తీసుకున్నది పట్టుకొస్తారు. కనుక షోరూములో ఈ మనిషి నష్టపోయే ప్రతి వెయ్యి రూపాయలూ ఒక కుటుంబం ఎండలో చేసిన కష్టమే. వ్యవసాయ కార్మికుల శీర్షికలో బండి బేరం గురించి ఎందుకని ఎవరైనా అడిగితే మా జవాబు ఇదే.

బేరమాడటం మనవాళ్ళకు కొత్త కాదు. ఎద్దుల సంతలో పళ్ళు పట్టి చూస్తాం, సుడులు చూస్తాం, నాలుగడుగులు నడిపించి చూస్తాం. అక్కడ దళారి తువాలు కింద వేళ్ళు పట్టుకొని బేరం చేస్తాడు. పక్కవాడికి ధర తెలియకూడదు, అదే అతని బతుకుతెరువు. షోరూములో తువాలు ఉండదు. అద్దాల గది, చల్లటి గాలి, టీ, "రండి అన్నా, కూర్చోండి అన్నా" అనే మర్యాద ఉంటాయి. అయినా బేరం చాటుగానే జరుగుతుంది. గుమ్మంలో పదివేలు తగ్గించి మనల్ని సంతోషపెడతారు. ఆ తర్వాత బల్ల దగ్గర కూర్చోబెట్టి కాగితాల మీద అంతకు పదింతలు రాబట్టుకుంటారు. ఎలాగో చూద్దాం.

మొదటిది ధర. ఎక్స్ షోరూమ్ ధర వేరు, బండి రోడ్డెక్కే ధర వేరు. మొదటి దానిలో బండి విలువ, జీఎస్టీ ఉంటాయి. రెండోదానిలో రిజిస్ట్రేషను, రోడ్డు పన్ను, బీమా, ఇంకా డీలరు కలిపే చిల్లర మల్లర ఉంటాయి. డీజిలు, పెట్రోలు సరుకుల బండ్ల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. పన్నుకు ముందు ఆరు లక్షలుండే బండి పాత పన్నుతో 7,68,000 అయ్యేది, కొత్త పన్నుతో 7,08,000 అవుతుంది. ఈ అరవై వేలు ప్రభుత్వం తగ్గించుకున్న పన్నే తప్ప డీలరు జేబులోంచి తీసి ఇచ్చింది కాదు. దీన్నే "మా ప్రత్యేక ఆఫరు" అని చూపిస్తే, "సరే, పన్ను సంగతి మాకు తెలుసు, మీరు తగ్గించేదెంత?" అని అడగాలి.

రెండోది చిల్లర ఖర్చులు. హ్యాండ్లింగు చార్జీలని, లాజిస్టిక్సని, ఫైలు ఖర్చులని రెండు మూడు పద్దులు రాస్తారు. మోటారు వాహనాల చట్టంలో ఇటువంటి రుసుములు లేవు. ప్రభుత్వానికి కట్టేది ఏదైనా దానికి సర్కారు రసీదు ఉంటుంది. రసీదు లేని పద్దును కొట్టేయమని అడిగే హక్కు మనకుంది. టార్పాలిన్ పట్టా, సీటు కవర్లు, ముందు గార్డు "ఫ్రీ" అంటారు. బజారులో వాటి వెల విచారించుకొని పోతే ఆ ఫ్రీ ఎంతటిదో తెలుస్తుంది. అవి వద్దు, ఆ మేరకు ధర తగ్గించమనడమే మేలు.

మూడోది బీమా. థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేది. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా ఒకటే. బండికి జరిగే నష్టానికి కట్టే భాగంలో మాత్రం కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటుంది. బేరానికి చోటు అక్కడే. డీలరు చెప్పిన కంపెనీ దగ్గరే తీసుకోవాలన్న నిర్బంధం లేదు. బయట ఒక ఏజెంటు దగ్గర లెక్క రాయించుకొని చేతిలో పెట్టుకొని పోండి. ఆ కాగితం చూపిస్తే షోరూము లెక్క కూడా దిగుతుంది.

బీమా దగ్గరే ఇంకో మాట చెప్పక తప్పదు. నాట్లకు, మిరప కోతలకు ఈ సరుకుల బండ్లలోనే కూలీలను కుక్కి తీసుకుపోతున్నారు. సరుకు యజమానికి గానీ అతని ప్రతినిధికి గానీ ఈ బీమా వర్తిస్తుంది. ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమాదం జరిగితే చచ్చేదీ మన మనిషే, పరిహారం కట్టలేక బండి పోగొట్టుకునేదీ మన మనిషే. బండి మీద పనిచేసే హమాలీలకు కవరు ఉందో లేదో పాలసీలో చూసుకొని, లేకపోతే రాయించుకోవాలి.

నాలుగోది అప్పు. అసలు దెబ్బ ఇక్కడే. "వడ్డీ పది శాతమే అన్నా" అంటారు. ఏ పది శాతం? ఐదు లక్షల అప్పు నాలుగేళ్ళకు తీసుకున్నామనుకుందాం. ఫ్లాట్ రేటు అంటే, మనం తీర్చేసిన అసలు మీద కూడా చివరి నెల దాకా వడ్డీ కట్టించుకోవడం. ఏడాదికి యాభై వేల చొప్పున నాలుగేళ్ళకు రెండు లక్షలు వడ్డీ. మొత్తం ఏడు లక్షలు, నెలకు కిస్తీ 14,583 రూపాయలు. అదే పది శాతం, తీర్చిన కొద్దీ తగ్గే అసలు మీద లెక్కిస్తే కిస్తీ సుమారు 12,680 రూపాయలు. నెలకు తేడా దాదాపు 1,900. నలభై ఎనిమిది నెలలకు తొంభై ఒక్క వేలు! గుమ్మంలో పదివేలు తగ్గించారని సంబరపడి బల్ల దగ్గర తొంభై వేలు పోగొట్టుకోవడమంటే ఇదే. తగ్గే అసలు మీద చూస్తే ఆ ఫ్లాట్ పది శాతం నిజానికి పదిహేడున్నర శాతం పైచిలుకు వడ్డీ.

ఈ మాయను బయటపెట్టే ఆయుధం ఒకటుంది. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే ఇటువంటి అప్పులన్నిటికీ బ్యాంకులూ ఫైనాన్సు కంపెనీలూ "కీలక వివరాల పత్రం" ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి అసలు వడ్డీ ఎంత పడుతుందో అందులో ఒకే అంకెగా రాయాలి. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చూసుకొని ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాల వ్యవధి ఇవ్వాలి. "తెలుగులో కాగితం ఇవ్వండి, మూడు రోజుల్లో వస్తాం" అని లేచి రావడం మన హక్కు. "ఈ రోజు సంతకం చేస్తేనే ఈ రేటు" అంటే, చేయి నిలిపెయ్యాల్సింది సరిగ్గా అప్పుడే.

షోరూముకు పోకముందే బ్యాంకుకు పోవాలి. 2015లో మొదలైన ముద్ర పథకం కింద, హామీ ఆస్తి లేకుండానే, చిన్న సరుకుల బండికి అప్పు అడగవచ్చు. మేనేజరు తిప్పుకుంటాడు, నిజమే. ఒక్కడు పోతే తిప్పుకుంటాడు, సంఘం తరఫున పదిమంది పోతే కాగితం తీసుకుంటాడు. బ్యాంకు మంజూరు చేతిలో ఉన్న మనిషితో డీలరు మాట్లాడే తీరే వేరు.

ఇక బేరం చేసే పద్ధతి. నాట్ల కాలంలో ముఠా కూలి ఎలా మాట్లాడుకుంటామో గుర్తు చేసుకోండి. ఒక్కరే పోయి రేటు అడిగితే "ఇష్టమైతే రా, లేకపోతే పో" అంటాడు ఆసామి. ముఠా అంతా గట్టు మీద కూర్చుంటే అతనే దిగి వస్తాడు. షోరూములోనూ అంతే. చుట్టుపక్కల ఊళ్ళలో ఒకే రకం బండి కొనాలనుకునే ముగ్గురు నలుగురు ఒకే రోజు కలిసి పోవాలి. కనీసం ఇద్దరు డీలర్ల దగ్గర, వీలైతే పక్క జిల్లా కేంద్రంలోనూ, లెక్క కాగితం మీద రాయించుకోవాలి. నోటి మాట లెక్క కాదు. ధర, బీమా, రిజిస్ట్రేషను, ఇతర ఖర్చులు వేరువేరుగా రాసి ముద్ర వేసి ఇమ్మనాలి. బండి ధర తేలేదాకా కిస్తీ మాట ఎత్తవద్దు. "నెలకు ఎంత కట్టగలవు అన్నా?" అని అడిగితే జవాబు చెప్పవద్దు. ఆ అంకె దొరికితే చాలు, నెలలు పెంచి ఎంత ధరైనా అందులో ఇమిడ్చేస్తారు.

అదను కూడా చూసుకోవాలి. నెలాఖరున, మార్చి చివరన అమ్మకాల టార్గెట్టు పూర్తి చేయాలని డీలరుకు ఆత్రం ఉంటుంది. జనవరిలో కిందటి ఏడు తయారైన బండ్లు మిగిలి ఉంటాయి. వాటి మీద ఎక్కువ తగ్గించమని గట్టిగా అడగాలి, ఎందుకంటే రేపు మనం అమ్మేటప్పుడు కొనేవాడు తయారైన ఏడు చూసే ధర కడతాడు. అందుకే తయారైన నెల, సంవత్సరం కాగితాల్లో చూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు. ఇచ్చిన అడ్వాన్సుకు రసీదు, బేరం కుదరకపోతే వాపసు ఇస్తామన్న మాట రాతలో ఉండాలి.

ఇక్కడ ఒక మాట. ఎదురుగా టై కట్టుకొని కూర్చున్న కుర్రవాడు మన శత్రువు కాదు. అతనూ జీతగాడే. జీతం తక్కువ, టార్గెట్టు ఎక్కువ. అతన్ని కసురుకొని లాభం లేదు. మర్యాదగా మాట్లాడుతూనే, నిర్ణయం చేయగల మేనేజరును పిలిపించమనాలి.

సంతకాల దగ్గర మరీ జాగ్రత్త. ఖాళీ కాగితాల మీద సంతకం చేయవద్దు. బండిని వేరేవాళ్ళ పేరుకు మార్చే 29, 30 నంబరు ఫారాలు ముందే ఖాళీగా సంతకం చేయించుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. రెండు కిస్తీలు తప్పగానే రౌడీలను పంపి బండిని ఎత్తుకుపోయే పద్ధతిని 2007లో ప్రకాశ్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. కానీ ఖాళీ ఫారం మీద మన సంతకమే వాళ్ళ చేతిలో ఉంటే మన నోరు పెగలదు. అప్పు తీరిన రోజున 35వ నంబరు ఫారం, బాకీ లేదన్న పత్రం తీసుకొని ఆర్‌సీలోంచి ఫైనాన్సరు పేరు తీయించుకోవాలి.

అన్నిటికన్నా ముందు ఇంటి దగ్గర కూర్చొని వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. పల్లెలో పని పన్నెండు నెలలూ ఉండదు, కిస్తీ మాత్రం పన్నెండు నెలలూ వస్తుంది. కిరాయి లేని ఆ మూడు నాలుగు నెలల కిస్తీ ఎక్కడి నుంచి వస్తుందో తేలకపోతే ఎంత మంచి ధరకు కొన్నా అది చవక బేరం కాదు. అటువంటప్పుడు ఒక్కో ఇంటికి ఒక్కో బండి కాకుండా నలుగురు కలిసి ఒక బండి కొనడం గురించి ఆలోచించాలి.

సంఘాల కార్యకర్తలకు మా మనవి ఇది. కూలి రేట్ల కోసం జట్టు కట్టించినట్టే ఈ బేరానికీ జట్టు కట్టించండి. ప్రతి మండలంలో లెక్క తెలిసిన ఇద్దరు, బండి కొనేవారి వెంట షోరూముకు, బ్యాంకుకు పోవాలి. చట్టంలో లేని చార్జీలు వసూలు చేస్తే రవాణా శాఖ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇప్పించాలి. భూమిలేనివాడికీ కౌలుదారుకూ తగ్గే అసలు మీద వడ్డీతో బ్యాంకు అప్పు ఇవ్వాలని అడగాలి. పుస్తెలతాడు కుదువ పెట్టి బండి కొన్నవాడికి ఆ తాడు తిరిగి ఇంటికి చేరేదాకా బేరం ముగియలేదు. అందాకా అతన్ని ఒంటరిగా వదలకూడదు.