ఆటస్థలమున తల్లిదండ్రులు

నేడు మన నగరములలో తెల్లవారుజామున 5 గంటలకే బాడ్మింటన్ శిక్షణాలయముల ముంగిట వాహనములు బారులు తీరుచున్నవి. బిడ్డ లోపల ఆడుచుండగా తండ్రి గోడ ప్రక్క నిలిచి చేతులతో సైగలు చేయుచుండును. ఇంత శ్రద్ధ గల తల్లిదండ్రులు లభించుట బిడ్డల భాగ్యమే. కాని కోచ్ "నిదానించుము" అనినపుడు తండ్రి "గట్టిగా కొట్టుము" అని కేక వేసినచో, 10 ఏండ్ల బాలిక యెవరి మాట వినవలెను?

తల్లిదండ్రులు దూరముగా నుండవలెనని నా అభిప్రాయము కాదు. కోనేరు హంపికి తండ్రియే గురువు. 2002లో 15 ఏండ్లకే ఆమె గ్రాండ్‌మాస్టర్ అయ్యెను. పి.వి. సింధు తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యపతకము పొందిన వాలీబాల్ జట్టు సభ్యుడు. అయినను 2016 రియో ఒలింపిక్ క్రీడలకు ఆమెను సిద్ధపరచిన వాడు పుల్లెల గోపీచంద్. తండ్రియే గురువైనను మేలే, పరుడు గురువైనను మేలే. ఒకే బిడ్డకు ఒకే వేళ ఇరువురు గురువులుండుటయే చిక్కు.

ఈ చిక్కు బిడ్డ శరీరముపై పడుచున్నది. ఎదుగు వయసున ఎముకల చివరల మెత్తని భాగములుండును; ఒకే కదలికను విరామము లేక చేయించిన అవి దెబ్బతినును. వయసు ఎన్ని యేండ్లో వారమునకు అన్ని గంటలకు మించి శిక్షణ తగదనియు, వారమున ఒకటి రెండు దినములు విశ్రాంతి కావలెననియు క్రీడావైద్యులు చెప్పుచున్నారు. ఉదయము 2 గంటలు, సాయంకాలము 2 గంటలు, 6 దినములాడించిన 24 గంటలగును. 10 ఏండ్ల బాలికకు తగినవి 10. కోచ్ విశ్రాంతి యిచ్చిన దినమున మరియొక శిక్షణాలయమునకు రహస్యముగా కొనిపోవు వారును కలరు. అంగడిలో కొన్న బలవర్ధక చూర్ణములను కోచ్‌కు చెప్పకయే త్రాగించు వారును కలరు. అట్టి చూర్ణములలో నిషిద్ధ పదార్థములు బయటపడిన సందర్భములున్నవి; పరీక్షలో దొరికినచో బాధ్యత ఆడిన బిడ్డదే.

వీరిని నిందించుట సులభము. జీతములో సగము ఈ ఆటకే వెచ్చించు తండ్రికి క్రీడల కోటాలో ఒక కళాశాల సీటు కనబడుచుండును. అతని ఆతురత కేవలము డంబము కాదు.

కోచ్ అను మాటను మేము శిక్షకుడని తెనిగింతుము. తెలుగున శిక్ష యనగా దండనము కూడ. కొందరు తల్లిదండ్రులు రెండవ అర్థమునే కోరుదురు గాబోలు. "నాలుగు తగిలించియైనను నేర్పుడు" అని బిడ్డ యెదుటనే చెప్పుదురు. అట్టి అనుమతిని కోచ్ అక్కడికక్కడనే నిరాకరింపవలెను.

కొందరు కోచ్‌లు విసిగి తలుపులు మూసికొనుచున్నారు. ఇది సమ్మతము కాదు. బాలల రక్షణకై 2012లో పోక్సో చట్టము చేసికొన్న దేశమున, శిక్షణను చూచు అవకాశము తల్లికి ఉండియే తీరవలెను. చూచుట వేరు, ఆడించుట వేరు. ఈ భేదమును కోచ్ బిడ్డను చేర్చుకొను దినముననే, తల్లిదండ్రుల నిరువురను కూర్చుండబెట్టి, వారికి తెలిసిన భాషలో చెప్పవలెను. విశ్రాంతి దినములు ఏవో, పోటీకి ఎవరిని పంపవలెనో నిర్ణయించువారెవరో అప్పుడే తేలవలెను. ఆట ముగిసిన వెంటనే వాదమునకు దిగక, మరునాడు బిడ్డ లేనివేళ మాటాడుకొనవలెను. మోకాలు నొప్పి యని బిడ్డ చెప్పినచో, ఆడవచ్చునా లేదా యని తేల్చవలసినవాడు వైద్యుడు. ఆ చీటీ వచ్చువరకు తండ్రి కోరినను, కోచ్ కోరినను, బిడ్డయే కోరినను రాకెట్టు సంచిలోనే యుండవలెను.