ఎదిగే పిల్లాడి కొలతలు

పోయిన నెల ఆఫీసు మీటింగులో లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాను. ఒక చేత్తో మార్కరు, ఇంకో చేత్తో ప్యాంటు పట్టుకుని డేటాబేసు బొమ్మ గీశాను. బెల్టుకి కంపెనీవాడిచ్చిన చిల్లులన్నీ ఎప్పుడో అయిపోయాయి. నేను మేకు పెట్టి కొట్టుకున్న రెండు కూడా అయిపోయాయి.

ఏడాదిన్నర కిందట డాక్టరు నా ఏ1సి 6.3 అని చూపించి, "ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని అడిగారు. నాన్నకి ఉండేది. 6.5 కి వస్తే షుగరు కిందే లెక్క, అంటే నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. వంశంలో ఉన్న ఆసియా వాళ్ళయితే బీఎంఐ 23 నుంచే పరీక్ష చేయించుకోమంటారు ఇక్కడ. నాది అప్పటికి 31. అన్నం సగం చేశాను, రోజూ గంట నడిచాను, 94 కిలోల వాణ్ణి 74కి వచ్చాను. ఆ భాగవతం ఇంకోసారి రాస్తాను, అందులో పెద్ద రహస్యాలేమీ లేవు.

అసలు గొడవ బట్టలతో వచ్చింది. ఒక ఆదివారం వీడియోలో నన్ను చూసి అమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. "ఏరా, నా దగ్గర ఏమన్నా దాస్తున్నావా?" అంది. డాక్టరు మెచ్చుకున్నాడని చెప్పినా, రిపోర్టులు పంపినా నమ్మలేదు. నాన్న ఆఖరి రెండేళ్ళలో అలాగే చిక్కిపోయారు. చొక్కా ఆయన ఒంటి మీద కాక కొక్కేనికి వేలాడుతున్నట్టు ఉండేది. సరిచేయిస్తానని అమ్మ అంటే, "మళ్ళీ ఒళ్ళు చేస్తానే, అప్పుడు పనికొస్తాయి" అనేవారు. బెల్టుకి మేకుతో చిల్లు కొట్టడం నేను ఆయన దగ్గర చూసి నేర్చుకున్నదే.

ఆ ఫోను పెట్టేశాక అద్దం ముందు నిలబడ్డాను. డబుల్ ఎక్సెల్ చొక్కాలో, మెడ చుట్టూ కాలరు దిగజారి, నిజంగానే జబ్బు మనిషిలా ఉన్నాను. నెలల తరబడి కొత్తవి కొనకపోవడానికి పైకి చెప్పిన కారణం డబ్బు. లోపలి కారణం మాత్రం భయం. ఇప్పుడు సన్నవి కొనేస్తే, మళ్ళీ లావైతే? అంటే నేనూ నాన్న మాటే అంటున్నాను.

మధ్యేమార్గంగా దొరికింది మా ఇర్వింగ్‌లో గుడ్‌విల్. 1902లో బోస్టన్‌లో ఒక పాస్టరు గారు మొదలుపెట్టిన సంస్థ. జనం ఇచ్చిన పాత సామాన్లు అమ్మి, పని దొరకనివాళ్ళకి పని నేర్పిస్తారు. గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చేశాను. డిగ్రీ అయ్యేదాకా మా పెదనాన్న గారబ్బాయి విడిచిన బట్టలే కట్టాను. మొదటి జీతంతో చొక్కా కొనుక్కున్న రోజు, ఇక ఒకరు విడిచింది ఒంటి మీద వెయ్యనని ఒట్టు పెట్టుకున్నాను. మూడోసారి వెళ్ళినప్పుడు పక్క వరసలో ఒకాయన, అచ్చం మా మేనేజరులా ఉన్నాడు, తాపీగా కోట్లు చూసుకుంటున్నాడు. సరే, ఒట్టు తెనాలిలో పెట్టుకున్నాను కదా, టెక్సాసులో చెల్లదనుకున్నాను.

నేర్చుకున్నవి చెప్తాను, ఎవరికైనా పనికొస్తాయి. చీటీ మీది నడుము కొలత నమ్మకండి. నా నడుము టేపుతో 35 అంగుళాలు, 33 అని రాసిన ప్యాంటు హాయిగా పట్టింది. కొనేవాణ్ణి సంతోషపెట్టడానికి కంపెనీలు ఆడే అబద్ధం అది. కోటుకి ముందు భుజాలు చూడండి. నడుము, చేతులు ఎలాగో సరిచేయొచ్చు, భుజాలు సరిచేయించే డబ్బుకి ఇంకో కోటు వస్తుంది. కొత్తవే కావాలంటే ఆగస్టులో ఒక వారాంతం టెక్సాసులో వంద డాలర్ల లోపు బట్టలకి సేల్స్ టాక్సు ఉండదు, అప్పటిదాకా ఆగండి.

పాత 38 ప్యాంట్లు బాగుచేయించుకుందామని మా సందు చివర డ్రైక్లీనింగ్ కొట్లో కుట్టే కొరియన్ ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ వెనక్కి తిప్పి, మధ్య కుట్టు దగ్గర మడిచి చూపించింది. రెండంగుళాలు దాటి తగ్గిస్తే వెనక జేబులు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. మరి 38 నుంచి 33 అంటే! తల అడ్డంగా ఊపింది. కొత్తగా కొన్న వాటిలో రెండింటికి మాత్రం పిన్నులు పెట్టి కొలతలు రాసుకుంది.

ఆవిడ మోకాళ్ళ మీద కూచుని పిన్నులు పెడుతుంటే మా ఊరి టైలరు గుర్తొచ్చాడు. ప్రతి జూన్‌లో యూనిఫాం కొలతలిచ్చేటప్పుడు అమ్మ ఒకటే మాట, "ఎదిగే పిల్లాడయ్యా, రెండేళ్ళు రావాలి." అంచు నాలుగు వేళ్ళు లోపలికి మడిచి కుట్టేవాడు. మరుసటేడు విప్పితే కింద ముదురు రంగు పట్టీ ఒకటి బయటపడేది. ఎవడెంత ఎదిగాడో మా క్లాసులో ఆ పట్టీలు చూసి చెప్పేవాళ్ళం. నా ఒంటికి సరిగ్గా కొలిచి కుట్టిన గుడ్డ అసలెప్పుడైనా వేసుకున్నానా అని ఆలోచిస్తే, పెళ్ళి సూటు తప్ప ఏదీ తోచలేదు.

లెక్క ఇదీ. నాలుగు ప్యాంట్లు 32 డాలర్లు, ఆరు చొక్కాలు 36, కోటు 15, కుట్టుకూలి 50. లోదుస్తులూ సాక్సులూ మాత్రం కొత్తవి, 40. మొత్తం 173.

పాతవన్నీ రెండు పెద్ద సంచుల్లో పెట్టి అదే గుడ్‌విల్‌లో ఇచ్చేశాను. అమ్మయితే వాటికి బేరమాడి కనీసం రెండు స్టీలు గిన్నెలు సంపాదించేది. ఇక్కడ గిన్నెలివ్వరు, పన్నులకి చూపించుకోమని రసీదు ఇస్తారు. ఒక ప్యాంటు మాత్రం బీరువా అడుగున దాచాను. మా ఆవిడకి తెలుసు, ఏమీ అనలేదు.

మొన్న ఆదివారం నీలం చొక్కా టక్ చేసుకుని ఫోను ముందు కూచున్నాను. అమ్మ చాలాసేపు చూసింది. లేచి నిలబడమంది, వెనక్కి తిరగమంది. "బానే ఉన్నావురా" అని, ఆ వెంటనే "ఎంత పెట్టావు చొక్కాకి?" అంది. ఆరు డాలర్లంటే ఎందుకంత చవకో చెప్పాలి, చెప్తే ఇంకేమన్నా ఉందా? నలభై అన్నాను. రూపాయల్లోకి మార్చుకుని కాసేపు తిట్టింది.

తర్వాత గొంతు తగ్గించి అడిగింది, "అంత పెట్టినవాడివి, కాస్త వదులుగా ఉండేది తీసుకోకపోయావా నాన్నా?"